నీటి ఊటయొద్దకు

ధ్యాన భాగము: 2 రాజులు 2:19–22





ఈ సంచికలో ధ్యానమునకు తీసికొన్న భాగము నాలుగే వచనములు. సండే స్కూలు పిల్లలకు సయితము తెలిసిన కథయే. ఎలీషా ప్రవక్త ఉప్పు వేసెను, యెరికో నీళ్లు బాగుపడెను. అద్భుతమును చెప్పి ముగించుట మనకు అలవాటు. అయితే అద్భుతమునకు ముందు ఆ ఊరివారు ఏమి చెప్పిరి, ప్రవక్త ఏమి అడిగెను, ఎక్కడికి వెళ్లెను అని నెమ్మదిగా చదివినయెడల, ఈ దినములలో మన ఇండ్లలోని రోగములను గూర్చి దేవుడు మనతో మాటలాడుచున్నట్టు కనబడును.

మన సంఘములలో చాలవాటియందు రోగుల సహాయనిధి యున్నది. ఆ నిధి లెక్కలు వ్రాయు ఏ కోశాధికారినైనను అడిగి చూడుడి. డెంగీ జ్వరము, కామెర్లు, మూత్రపిండముల జబ్బు, పిల్లల ఉబ్బసము, ఇవే పేర్లు మరల మరల వచ్చును. నిధిని నింపుచున్నాము, అది ఖాళీ యగుచున్నది. మరల కవరులు పంచుచున్నాము, మరల ఖాళీ యగుచున్నది. ఇచ్చుట మంచిదే, అది మానరాదు. అయితే ఈ రోగములు ఎక్కడ పుట్టుచున్నవను ప్రశ్న మన కమిటీ కూటములలో ఎన్నిసార్లు వచ్చినది? ఆ ప్రశ్నను యెరికో పెద్దలు అడిగిరి. వారి ద్వారా మూడు సంగతులు నేర్చుకొందము.

1. చోటు మంచిదే, నీరే చెడ్డది

యెరికో ఖర్జూరపు చెట్ల పట్టణము. ఎండిన కొండల నడుమ పచ్చగా కనబడు ఊరు. ఆ ఊరి పెద్దలు ప్రవక్తయొద్దకు వచ్చి, కాపురమునకు చక్కని చోటేగాని త్రాగుటకు మంచి నీరు లేదని, దానివలన నేలకు సత్తువ లేకపోయెనని మొరపెట్టుకొనిరి. మూలభాషలో ఇక్కడ వాడిన మాటకు గర్భము నిలువనీయనిది అను అర్థము కూడ గలదు. అనగా చెడిన నీటి ఫలితము పొలములలోనే కాదు, తల్లుల ఒడిలో సయితము కనబడెను. నీరు, నేల, మనుష్యుని దేహము, ఈ మూడింటిని కలిపి కట్టిన త్రాడు ఒక్కటే అని ఆ పెద్దలు ఎరిగిరి.

ఆ ఊరికి ఒక చరిత్ర యున్నది. అహాబు దినములలో బేతేలీయుడైన హీయేలు యెరికోను తిరిగి కట్టించెను. పునాది వేసినప్పుడు పెద్ద కుమారుని, గుమ్మములు నిలిపినప్పుడు చిన్న కుమారుని పోగొట్టుకొనెనని 1 రాజులు 16:34 తెలుపుచున్నది. ఊరు లేచెను, బిడ్డలు పోయిరి. మన నగరములను చూచినప్పుడు ఈ వచనము మన మనస్సును పొడువక మానదు.

మనలో అనేకుల తాతముత్తాతలు ఒంగోలు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతములనుండి వచ్చినవారు. ఆ ఊళ్లకు వైద్యచరిత్రలో ఒక పేరు గలదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసిపోవు రోగమును మన దేశములో వైద్యులు మొదట వివరించి ప్రకటించినది 1937లో. అది నాటి నెల్లూరు జిల్లాలోని ఆ సీమను గూర్చియే. పండ్లు గారపట్టి, నడుము వంగి, మెడ తిరుగని మనుష్యులను మన పెద్దలు చూచియున్నారు. పూర్వము ఎవరో చేసిన పాపఫలమని కొందరు అనుకొనిరి. అది పాపఫలము కాదు, బావినీరు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని నేడు బడిపిల్లలు సయితము చదువుచున్నారు.

అక్కడ రాతినేల స్వభావమే అట్టిది. అయితే మనుష్యుని చేతిపని ఆ స్వభావమును ఎట్లు మరింత చెరుపునో చూడవలెనన్న కోలారు సీమకు పోవలెను. అక్కడ మన తెలుగువారు తరతరములుగా ఉన్నారు. ఏరులు లేని ఆ నేలలో పూర్వులు వేల చెరువులు కట్టిరి. ఒక చెరువు నిండి పొర్లిన నీరు క్రింది చెరువునకు, అక్కడనుండి దాని క్రింది చెరువునకు పోవును. వర్షపు నీరు భూమిలోనికి ఇంకి బావులు ఊరును. తరువాత వాగుల దారులు మూసికొనిపోయెను, చెరువులు పూడిపోయెను, కొన్నిటిమీద బస్‌స్టాండ్లును కాలనీలును లేచెను. నీరు క్రిందికి దిగగా బోరులు దాని వెంట దిగెను. వంద అడుగులు పోయి వెయ్యి అడుగులాయెను. లోతున రాతితో చాలకాలము కలిసియున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువగును. చెరువు పోయినప్పుడు ఎవరును దానిని ఆసుపత్రి సంగతి అనుకొనలేదు. అయితే చెరువు పూడిన ఊరిలో పిల్లవాని పండ్లమీద మచ్చ వచ్చినది. ఆ మచ్చ చెరువు వ్రాసిన ఉత్తరము. చదువుకొనుట మన పని.

2. ప్రవక్త ఊటయొద్దకు పోయెను

యెరికోలో రోగులు ఇంటింట ఉండిరి. ఎలీషా ఇంటింటికి పోయి కుండలలో ఉప్పు వేయలేదు. నీరు పుట్టుచోటికి వెళ్లెను. మన పాఠములో ఇదే నడిమి మాట. నేటికిని యెరికోలో ఎలీషా ఊట అని పిలువబడు నీటిబుగ్గ పారుచున్నది.

మన ఆరోగ్యమునకు ఊటలు ఏవి? ఆసుపత్రి ఊట కాదు, అది కుండ. దేవుడు సృష్టిలో జీతము పుచ్చుకొనని పనివారిని ఉంచెను. చిత్తడినేల మురుగును వడకట్టును, వరదను మ్రింగును. మడ అడవి సముద్రపు అలను ఆపును. చెరువు నేలకు నీరు పోయును. వీరికి నెలజీతము లేదు గనుక వీరు చేయు పని మన లెక్కల పుస్తకములలో ఎక్కదు. వీరు పోయినప్పుడు మాత్రము బిల్లు మన చేతికి వచ్చును.

బొంబాయిలోని మనవారు 2005 జులై 26ను మరువలేరు. ఆ దినమున శాంతాక్రజ్‌లో ఇరువదినాలుగు గంటలలో 944 మిల్లీమీటర్ల వర్షము కురిసెను. మీఠీ నది తీరములను, మడ చెట్లను ఆక్రమించి కట్టిన నగరములో నీరు పోవుటకు దారి లేకపోయెను. నీరు తీసిన తరువాత ఎలుకజ్వరము లేచెను. వాన చంపినవారు కొందరు, వాన నిలిచిన మురికి చంపినవారు కొందరు. మద్రాసులోని మన సంఘములకు పళ్ళికరణై పేరు తెలియును. 1960ల ప్రాంతములో సుమారు 5,000 హెక్టార్లున్న ఆ చిత్తడినేలలో నేడు మిగిలినది కొద్ది భాగమే. ఇండ్లు, ఆఫీసులు, చెత్తదిబ్బ మిగిలినదానిని తినివేసెను. 2015 డిసెంబరు వరదలో ఆ ప్రక్కనున్న వీధులు ఎట్లు మునిగెనో చెప్పనక్కరలేదు. 2022లో ఆ నేల అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సర్ స్థలముగా గుర్తింపబడెను. ఆలస్యమైనను అది మంచి పని.

యెహెజ్కేలు 47వ అధ్యాయములో దేవాలయమునుండి పారు నది పోయిన చోటెల్ల జీవము కలుగును. అయినను 11వ వచనమున బురదనేలలు, ఊబిస్థలములు అట్లే ఉప్పుకొరకు విడువబడునని చెప్పబడియున్నది. క్రొత్తదిగా చేయబడిన దేశములో సయితము దేవుడు చిత్తడిని చిత్తడిగానే ఉంచెను. మనము మాత్రము దానిని ఖాళీ స్థలము అని పిలిచి ప్లాట్లు వేయుచున్నాము.

ఒడిశాలో 1999 అక్టోబరు 29న వచ్చిన మహా తుపానులో సుమారు 10,000 మంది చనిపోయిరి. కేంద్రపడా జిల్లాలోని ఊళ్లను పరిశోధకులు లెక్కించి 2009లో ప్రకటించినదేమనగా, సముద్రమునకును ఊరికిని నడుమ మడ అడవి వెడల్పుగా మిగిలియున్న చోట మరణములు తక్కువ. ముందుగా హెచ్చరించి జనులను తరలించుట వలన ఇంకను ఎక్కువ ప్రాణములు దక్కెనని కూడ వారు న్యాయముగా వ్రాసిరి. రెండును కావలెను. గోపాల్‌పూరు దగ్గర 2013లో ఫైలిన్ తుపాను తీరము దాటినప్పుడు లక్షలమందిని ముందే తరలించుట చేత ఎన్ని ప్రాణములు నిలిచెనో గంజాం సంఘములకు తెలియును. యానాములోని మనవారికి 1996 నవంబరు 6 తుపాను జ్ఞాపకము. వారి ఊరి ప్రక్కనే కోరంగి మడ అడవులు ఉన్నవి. అవి కట్టెలకొరకు నరుకు చెట్లు కావు, గోదావరి ముఖద్వారమున నిలిచిన కావలివారు.

మరియొక పనివానిని గూర్చి చెప్పెదము. రాబందును మనలో ఎవరు ప్రేమించిరి? లేవీయకాండము దానిని తినరాని పక్షులలో చేర్చినది. తినరానిదేగాని పనికిరానిది కాదు. చచ్చిన పశువును కొద్దిసేపటిలో శుభ్రముచేయు పని దేవుడు దానికి అప్పగించెను. 1990లలో పశువులకు నొప్పి తగ్గుటకు డైక్లోఫెనాక్ అను మందు విరివిగా వాడుట మొదలాయెను. ఆ మందు ఉన్న కళేబరమును తిన్న రాబందులకు మూత్రపిండములు చెడి, కొలది సంవత్సరములలోనే ఆకాశము ఖాళీ యాయెను. కళేబరములు వాగులలో పడెను, వీధికుక్కలు పెరిగెను. 2006లో ఆ మందును పశువులకు వాడరాదని మన ప్రభుత్వము నిషేధించెను. రాబందులు పోయినందున 2000 మొదలు 2005 వరకు మన దేశములో సుమారు 5 లక్షలమంది అదనముగా చనిపోయిరని 2024లో ప్రకటింపబడిన ఒక అధ్యయనము లెక్కకట్టినది. ఒక పక్షికి ఇంత వెల యున్నదని ముందుగా ఎవరికి తెలియును? ఒక పిచ్చుక నేల పడుట తండ్రికి తెలియునని ప్రభువు చెప్పెను గదా!

3. క్రొత్త పాత్రయు ఉప్పును

ఎలీషా దేవుని శక్తిగల ప్రవక్త. అయినను ఊరివారిని ఒక క్రొత్త పాత్రయు అందులో ఉప్పును తెమ్మనెను. ఎందుకు? వారి ఊరి నీటికొరకు వారి చేతినుండి ఏదో ఒకటి రావలెను. ఉప్పు సముద్రము దగ్గరలోనే యున్నది గనుక ఉప్పు వారికి భారమైన ఖర్చు కాదు. అయితే తీసికొనిరావలెను. పాత్రయు క్రొత్తది కావలెను. చేతిలో ఉన్న పాత మురికి పాత్ర పనికిరాదు.

ఇక్కడ ధనమును గూర్చి మాటలాడుదము. భూమిని కాపాడుటకు పెట్టు ఖర్చును చెట్లకు, పక్షులకు పెట్టు ఖర్చు అనుకొనుచున్నాము. అది మనుష్యుల మందుల ఖర్చులో మొదటి భాగము. ముందు పెట్టినయెడల కొంచెము, వెనుక పెట్టినయెడల కొండంత. బెంగుళూరు బెళ్ళందూరు చెరువు ఇందుకు సాక్షి. నగరపు మురుగు అందులో చేరి నురుగు వీధులలోనికి ఎగిరెను. 2015లోను, 2017లోను, 2018లోను ఆ నీటిమీద మంటలే లేచెను. నీరు మండుట నిర్గమకాండములో కూడ మనము చదువలేదు. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు బెళ్ళందూరు, అగర, వర్తూరు చెరువులకొరకు 500 కోట్ల రూపాయలు వేరుగా ఉంచవలెనని కర్ణాటక ప్రభుత్వమునకు ఆజ్ఞాపించెను. చెరువు బాగున్న దినములలో కాలువ తుడుచుటకు ఎంత ఖర్చగును? ఆ కొద్ది ఉప్పు తేని ఊరు ఇప్పుడు కోట్లు మోయుచున్నది.

డబ్బు లేదందుమా? అడవిని గనికి, ఆనకట్టకు, రోడ్డుకు ఇచ్చినప్పుడు తీసికొన్నవారు సొమ్ము కట్టవలెనని మన దేశములో నియమము గలదు. దానిని జనులు కాంపా నిధి అందురు. చాల సంవత్సరములు ఆ సొమ్ము బ్యాంకులలో పేరుకొనియుండెను. 2016లో దానికి చట్టము వచ్చెను. 2019 ఆగస్టులో 27 రాష్ట్రములకు 47,436 కోట్ల రూపాయలు పంచిపెట్టబడెను. అందరికంటె ఎక్కువగా, 5,900 కోట్లకు మించి, ఒడిశా పొందెను. గనులకు అడవి ఎక్కువగా పోయిన రాష్ట్రము గనుక సొమ్మును ఎక్కువ వచ్చెను. గోనెలో ఉన్న ఉప్పు నీటిని బాగుచేయదు. ఆ సొమ్ముతో ఏ గ్రామమున ఏ మొక్కలు నాటిరి, ఎన్ని బ్రతికెను, ఊరి వాగు ఊరినదా అని అడుగు హక్కు ఆ ఊరివారిది. వరుసగా ఒకే జాతి మొక్కలు పాతి అడవి అని పేరు పెట్టినంత మాత్రమున నరికిన అడవి తిరిగి రాదు.

పాత్ర క్రొత్తది కావలెననుటకు కోలారులోనే ఉదాహరణ గలదు. 2018నుండి బెంగుళూరు మురుగునీటిని రెండు దశలలో శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుచున్నారు. ఎండిన చెరువులు నిండెను, బావులలో నీరు పైకి వచ్చెను. దానికి కృతజ్ఞత చెప్పవలెను. అయితే త్రాగునీటి బావులలోనికి ఇంకు నీరు గనుక మూడవ దశ శుద్ధి కూడ కావలెనని రైతులు అడుగుచున్నారు. అది గొణుగుడు కాదు, క్రొత్త పాత్రను అడుగుట.

ఇంకొక మెలకువ కావలెను. భూమిని కాపాడుదుమను పేరున బీదవాని త్రోలివేయుట వాక్యానుసారము కాదు. 1 రాజులు 21లో అహాబు నాబోతు ద్రాక్షతోటను ఎందుకు కోరెను? కూరతోట వేసికొనుటకే. పచ్చని తోట కోరిక తప్పు కాదు; దానికొరకు నాబోతు రక్తము చిందుట తప్పు. చెరువుగట్టున గుడిసె వేసికొన్నవానిని మాత్రము లేపి, చెరువు నడుమ మేడ కట్టినవానిని విడిచిపెట్టినయెడల అది అహాబు తోటయే. అడవిలో బ్రతుకువారి హక్కులకు 2006లో చట్టము వచ్చినది అందుకే.

దీనికి మారుగా మంచి మాదిరి ఒకటి తూర్పు సముద్రములకు ఆవల, ఇండోనేషియా దేశపు బోర్నియో ద్వీపములో గలదు. అక్కడ గునుంగ్ పలుంగ్ అను రక్షిత అడవి చుట్టు గ్రామములవారు చెట్లు నరికి అమ్ముకొనుచుండిరి. ఎందుకని అడుగగా, చౌకగా వైద్యము దొరకదు, రోగము వచ్చినప్పుడు చెట్టే మాకు డబ్బు అనిరి. 2007లో అక్కడ ఒక వైద్యశాల తెరచిరి. నరకుట తగ్గించిన ఊళ్లకు వైద్యపు ఖర్చులో తగ్గింపు ఇచ్చిరి. డబ్బు లేనివారు మొక్కల నారు, చేతిపనులు తెచ్చి రుసుము కట్టవచ్చుననిరి. పది సంవత్సరముల లెక్క 2020లో ప్రకటింపబడెను. అట్టి ఏర్పాటు లేనియెడల జరుగవలసిన అడవి నష్టముతో పోల్చగా సుమారు 70 శాతము తగ్గెను. రోగికి మందు, అడవికి ప్రాణము ఒకే చేతినుండి వచ్చెను. యెరికోవారు ఉప్పు తెచ్చిరి, వీరు మొక్కనారు తెచ్చిరి.

మన పితరుల కాలువ

ఇది అన్యదేశపు క్రొత్త సంగతి అని ఎవరును అనుకొనవద్దు. మన బాప్టిస్టు చరిత్రలో ఇది మొదటినుండి ఉన్నది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్న జనులకు కూలి ఇచ్చి బ్రతికించిరి. కరవు ధనము కాలువ ఆయెను, కాలువ కూలి గంజి ఆయెను, గంజి ప్రాణము ఆయెను. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒకే దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మనలో చాలమంది ఆ 2,222 మందికి మనుమలము, మునిమనుమలము. నేలపని, దేహపోషణ, ఆత్మరక్షణ ఈ మూడింటిని మన పితరులు వేరువేరు గదులలో పెట్టలేదు.

ఆ కాలువనే నేడు మద్రాసులో చూడుడి. మురుగు పారుచున్నది. దాని గర్భములోనే రైలు స్తంభములు దిగియున్నవి. తాతలు పారపట్టి త్రవ్విన నీటిదారియొడ్డున మనుమలు ముక్కు మూసికొని ప్రార్థనకు పోవుచున్నారు, దోమలవలన జ్వరములు పడుచున్నారు.

మరియు బాప్టిస్టులమైన మనకు నీరు కావలెను. చిలకరింపు మన ఆచారము కాదు, మునక మన సాక్ష్యము. పూర్వము సంఘమంతయు పాటలు పాడుచు చెరువుగట్టుకు పోయి, ఊరంతయు చూచుచుండగా నీళ్లలోనికి దిగుట మన సాక్ష్యము. ఇప్పుడు పట్టణములలో అనేక సంఘములు చెరువులో దిగుటకు భయపడి, మందిరములో తొట్టి కట్టి, టాంకరు నీళ్లు కొని నింపుచున్నవి. తొట్టిలో ఇచ్చిన బాప్తిస్మము తక్కువదని మేము అనుట లేదు. అయితే క్రీస్తుతోకూడ పాతిపెట్టబడుటకు సయితము నీళ్లు కొనవలసి వచ్చిన దినమును ఎవరు తెచ్చిరని అడుగుచున్నాము.

ఆత్మలను రక్షించుట సంఘపు పని, చెరువు సర్కారు పని అని చెప్పు పెద్దలున్నారు. వారి ఆసక్తిని గౌరవించుచున్నాము. వారికి ఒక్క మనవి. ఎలీషా ప్రవక్త కాదా? గురువు పరలోకమునకు ఎత్తబడిన తరువాత, యొర్దాను దాటి యెరికోకు వచ్చిన అతనిని ఆ ఊరు అడిగిన మొదటి మేలు ఇదే. అతడు, ఇది నా పరిచర్య కాదు, మునిసిపాలిటీవారిని అడుగుడి అనలేదు. మన ప్రభువు కూడ రోగిని చూచినప్పుడు ముందు చెయ్యి చాపెను.

మనము చేయదగినది

మన సంఘములు స్వయంపాలన గలవి. ఏ సంఘము ఏమి చేయవలెనో ఆ సంఘపు సభ్యుల కూటమే నిర్ణయించుకొనును. గనుక ఇవి ఆజ్ఞలు కావు, మీ కూటములలో ప్రార్థించి ఆలోచించుటకు పెట్టు మాటలు.

మొదటిది, మందిరపు ఆవరణ. స్థలమంతయు సిమెంటు పరచితిమా? వాననీరు భూమిలో దిగుటకు ఒక గుంట యున్నదా? పాత బావిని చెత్తతో పూడ్చితిమా? ఆదికాండము 26లో ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చిన తండ్రి బావులను ఇస్సాకు తిరిగి త్రవ్వించి, తండ్రి పెట్టిన పేళ్లే వాటికి పెట్టెను. మన ఆవరణలో పూడిన బావి ఉన్నయెడల దానిని త్రవ్వించుట మంచి ఆరంభము. ఎత్తుబడిన పాత డబ్బాలలో, పూలకుండీల పళ్లెములలో నిలిచిన నీటిని వారమునకొకసారి పారబోయుడి. డెంగీ దోమ పుట్టునది అక్కడనే.

రెండవది, కోతపండుగ కానుక. పొలము లేని మనము పట్టణములలో కోతపండుగ చేయుచున్నాము. గుమ్మడికాయ, చెరకు, కోడి వేలములో కొనుచున్నాము. ఆ రాబడిలో పదియవ వంతు నీటికొరకును నేలకొరకును వేరుగా ఉంచలేమా? ఇది రోగుల సహాయనిధికి తగ్గింపు కాదు, దానికి ఆనకట్ట. కుండయొద్ద ఇచ్చుచున్న చేతితోనే ఊటయొద్ద కొంచెము ఇత్తము.

మూడవది, నోరు. మన వీధి చెరువుకొరకు ఎంత సొమ్ము మంజూరాయెను, ఎంత ఖర్చాయెను అని వార్డు కార్యాలయములోను, గ్రామసభలోను మర్యాదగా అడుగుడి. వ్రాతపూర్వకముగా అడుగుడి. యెరికో పెద్దలు చేసినదదియే. వారు దాచుకొనలేదు, తమలో తాము సణుగుకొనలేదు, పోయి చెప్పిరి. మేము వలస వచ్చినవారము, మాకెందుకు అనుకొనవద్దు. యిర్మీయా 29లో బబులోనుకు చెరపట్టబడినవారితోనే ఆ పట్టణపు క్షేమమును కోరుడని దేవుడు చెప్పెను. మనము చెరలో లేము. మూడు నాలుగు తరములుగా ఈ నీళ్లే త్రాగుచున్నాము, మన సమాధులు ఈ మట్టిలోనే ఉన్నవి.

నాలుగవది, నీటి దగ్గర కాపురమున్న మన బీద సభ్యులు. వరద వచ్చినప్పుడు మొదట మునుగునది వారి ఇల్లు, బుల్డోజరు వచ్చినప్పుడు మొదట కూలునది వారి ఇల్లు. చెరువు బాగుపడవలెనని అడుగు నోరే వారికి వేరొక చోట గూడు కావలెనని కూడ అడుగవలెను. ఈ రెండింటిలో ఒకటే అడిగినయెడల మన మాట సగము సత్యమే.

బాగుచేయువాడు

కడపటి మాట. ఎలీషా ఉప్పు వేసి, ఈ నీటిని నేను బాగుచేసితినని చెప్పలేదు. యెహోవాయే దానిని బాగుచేసెనని ప్రకటించెను. ఉప్పులో శక్తి లేదు. అసలు ఉప్పు వేసిన నీరు ఉప్పగా మారవలెను గదా. బలహీనమైన మన కానుకను పట్టుకొని దేవుడు దాని స్వభావమునకు మించిన పని చేయును. మన పదియవ వంతుతో కోలారు చెరువులన్నియు నిండవు, బకింగ్‌హాం కాలువ తేటపడదు. ఆ సంగతి మేమెరుగుదుము. అయినను పాత్ర తెమ్మని అడిగినవాడు దేవుని మనుష్యుడు. తెచ్చుట మన వంతు, బాగుచేయుట ఆయన వంతు.

ఆ ఊరిలో ఆ తరువాత పుట్టిన బిడ్డలకు తమ తండ్రులు ఒక దినమున ఉప్పు మోసికొని పోయిరని తెలిసియుండునో లేదో. వారు మంచి నీరు త్రాగిరి. మన బిడ్డల విషయములోను అంతే చాలును.

ప్రార్థింతము. సృష్టికర్తవైన తండ్రీ, చక్కని చోట్లలో మమ్మును నివసింపజేసితివి, స్తోత్రము. మేము చెరిపిన నీళ్లను, పూడ్చిన చెరువులను నీయెదుట ఉంచుచున్నాము. జ్వరముతో మంచమెక్కిన ప్రతి బిడ్డను ముట్టుము. మా చేతికి క్రొత్త పాత్రను, మా హృదయమునకు ఇచ్చు మనస్సును దయచేయుము. ఊటయొద్దకు నడుచు ధైర్యము మాకిమ్ము. జీవజలమిచ్చు యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము తండ్రీ. ఆమేన్.